డెస్కు మీద ఆగిన వార్త

(అనకాపల్లిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో, ఆ మాస్టారి పేరు నేను ఈ ఉపన్యాసంలో పలకను. అది ఆయన కుటుంబం కోరిక. ముప్పై ఏళ్ళకు పైగా పగలు బడిలో పాఠం చెప్పి, సాయంత్రం సైకిలెక్కి ఊళ్ళు తిరిగి వార్తలు రాసిన మనిషి ఆయన. రాసిన వేల వార్తల్లో ఒక్కదాని మీదా ఆయన పేరు అచ్చవలేదు. అలాగే తలుచుకుందాం అన్నారు ఇంట్లోవాళ్ళు. నాకాయన ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పారు. తర్వాత నేను హైదరాబాద్ వెళ్ళి ఒక వార్తా చానల్ డెస్కులో చేరాను. బులెటిన్ ప్రొడ్యూసర్‌గా ఏళ్ళతరబడి రాత్రి షిఫ్టులు చేశాను. పండక్కి ఊరొచ్చి కలిసినప్పుడల్లా ఆయన ఒకే ప్రశ్న అడిగేవారు. "మేం పంపింది అక్కడికెళ్ళాక ఏటవుతాదమ్మా?"

తన వార్త ఏ గదిలోకి వెళ్ళిందో, దాన్ని ఎవరు చదివారో, ఏ వాక్యం ఎందుకు కొట్టేశారో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇవాళ నేనెంచుకున్న విషయం ఆ ప్రశ్నకు జవాబే. వార్తల కార్యక్రమం వెనుక ఏం జరుగుతుందో చూపించే తెర నాటకాల గురించి మాట్లాడతాను. ఒక విలేకరి స్మృతిలో జరిగే సభలో సీరియళ్ళ ఊసెందుకని ఎవరికైనా అనిపించవచ్చు. కారణం ఉంది. కోర్టుకు వెళితే వెనక బెంచీలో కూర్చుని విచారణ వినొచ్చు. శాసనసభకు గ్యాలరీ ఉంది. ప్రతి రాత్రీ మన ఇళ్ళలోకి వచ్చే ఆ అరగంట వార్తల్ని ఎవరు, ఏ తగాదా పడి, ఏది ఉంచి, ఏది తీసి తయారు చేశారో చూడటానికి మాత్రం మామూలు మనిషికి కిటికీ లేదు. ఆ కిటికీని కథ తెరవగలదు. అద్దాల గదుల్లో పనిచేసిన మాలాంటివాళ్ళం కూడా మా పని ఎలాంటిదో ఒక మంచి కథ చూశాకే తెలుసుకుంటాం.

ముందు ఆ గది ఎలా నడుస్తుందో చెబుతాను. అనకాపల్లి నుంచి ఒక వార్త బయలుదేరిందనుకోండి. ఆ ఊరి విలేకరి, అంటే స్ట్రింగర్, ఫోన్ చేసి ఇన్‌పుట్ డెస్కుకు చెబుతాడు, ఫోన్‌లోనే విజువల్స్ పంపుతాడు. ఇన్‌పుట్ వాళ్ళు దాన్ని అవుట్‌పుట్‌కు అందిస్తారు. అక్కడ ఒకరు కాపీ రాస్తారు, ఒకరు గొంతు ఇస్తారు, ఒకరు విజువల్స్ కట్ చేస్తారు. అది రన్‌డౌన్‌లో (వార్తల వరుసలో) ఎన్నో నంబరుగా వెళ్ళాలో బులెటిన్ ప్రొడ్యూసర్ నిర్ణయించాలి. పీసీఆర్‌లో (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ గదిలో) కూర్చున్న ప్యానెల్ ప్రొడ్యూసర్ యాంకర్ చెవిలోని ఇయర్‌పీస్‌కు చెబుతాడు: ఇది తీసుకో, అది వదిలేయ్, ఫోన్ లైన్లో మనిషి ఉన్నాడు, ఇరవై సెకన్లలో ముగించు. మీకు తెర మీద కనిపించే ఆ నిమ్మళమైన ముఖం వెనుక చెవిలో ఒక సంత జరుగుతూ ఉంటుంది. ఇదంతా సాగేలోపే స్క్రోలింగ్ టైప్ చేసే కుర్రాడి వేళ్ళ కింద ఒక్క లైను పుట్టి, అందరికంటే ముందు జనంలోకి వెళ్ళిపోతుంది. తెలియడానికీ చెప్పడానికీ మధ్య ఒకప్పుడు ఒక రాత్రి ఉండేది. ఇప్పుడు ఒకటి రెండు నిమిషాలు. ఆ నిమిషాల్లో ఎవరో ఒకరు "ఆగండి" అనాలి. అన్న మనిషి పేరు ఎవరికీ తెలియదు. ఆపిన వార్త ఎవరికీ కనిపించదు. కనిపించని ఆ పనిని చూపించగలిగిందే నా దృష్టిలో అసలైన న్యూస్‌రూమ్ నాటకం. ఆ "ఆగండి" మన తెలుగు తెర మీద ఇంకా గట్టిగా వినబడలేదన్నదే నేను చెప్పదలచిన మాట.

2012వ సంవత్సరం నుంచి మొదలుపెడతాను. ఆ ఏడాది నాలుగు నెలల తేడాలో రెండు కథలు వచ్చాయి. జూన్ 24న అమెరికాలో హెచ్‌బీఓ చానల్‌లో "ది న్యూస్‌రూమ్" సీరియల్ మొదలైంది. అక్టోబర్ 18న మన దగ్గర "కెమెరామెన్ గంగతో రాంబాబు" విడుదలైంది. రెండూ వార్తా చానల్ కథలే. రెండోదానితో ఈ ఊరికి చుట్టరికం కూడా ఉంది. దాన్ని రాసి తీసిన పూరి జగన్నాథ్ ఈ ప్రాంతపు బిడ్డ, మన ఏఎంఏఎల్ కళాశాలలో చదువుకున్నవారు. బహుశా ఈ సభలో ఆయనతో పాటు ఆ మెట్లెక్కినవాళ్ళు కూడా ఉండి ఉంటారు.

రాంబాబు ఒక మెకానిక్. టీవీలో అన్యాయం చూస్తే కూర్చోలేడు, లేచి వెళ్ళి నిలదీస్తాడు. కెమెరా పట్టుకున్న గంగ అతన్ని చానల్‌కు తీసుకొస్తుంది. ఆ ఊహ నాకు చాలా ఇష్టం. వార్త చూసి కడుపు మండిన ప్రేక్షకుణ్ణి తీసుకొచ్చి వార్త చెప్పేవాణ్ణి చేయడంలో గొప్ప ప్రజాస్వామ్యం ఉంది. ఈ ఊరి బెల్లం మార్కెట్లో పొద్దున్నే పేపరు చదివి, పక్కవాడితో వాదించి, ఆ వేడిలోనే పనిలోకి దిగే మనుషులు ఆ రాంబాబులో ఉన్నారు. చివరికి అతను చానల్ నుంచే జనానికి పిలుపునిస్తాడు, జనం కదిలివస్తారు. సినిమా బయట కూడా జనం కదిలారు, వేరే కారణంతో. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. కొన్ని సన్నివేశాలు ఉద్యమాన్ని కించపరిచాయంటూ అక్కడ ప్రదర్శనలు ఆపారు, తర్వాత కొంత భాగం కత్తిరించారు.

ఆ సినిమాలో చానల్ ఉంది, మైకు ఉంది, కెమెరా ఉంది. డెస్కు లేదు. రాంబాబు నోటికి ఏది వస్తే అది నేరుగా గాలిలోకి వెళుతుంది. అతను ఎప్పుడూ నిజమే చెబుతాడు కాబట్టి ఆ కథలో డెస్కు అవసరం రాలేదు. నాయకుడు పొరబడడు అన్నది మన సినిమాకు పునాది. న్యూస్‌రూమ్ అనే చోటు మాత్రం, ఎవరైనా పొరబడవచ్చు అన్న భయం మీద కట్టుకున్న ఇల్లు. ఈ రెండు పునాదులూ కలవవు. అందుకే మన విలేకరి తెర మీద వీరుడయ్యాడు గానీ, వార్త తయారవడం తెర మీద కథ కాలేకపోయింది.

ఆరన్ సార్కిన్ రాసిన ఆ అమెరికా సీరియల్ మూడు సీజన్లు నడిచి 2014 డిసెంబరులో 25 భాగాలతో ముగిసింది. విల్ మెకవాయ్ అనే యాంకర్, మెకెంజీ మెక్‌హేల్ అనే ప్రొడ్యూసర్, వాళ్ళ చుట్టూ ఒక రాత్రి బులెటిన్. యాంకర్ పాత్ర వేసిన జెఫ్ డేనియల్స్‌కు 2013లో ఎమ్మీ పురస్కారం వచ్చింది. దాని లోపాల గురించి అమెరికన్లే చాలా రాశారు. మాటలెక్కువ. ఆడపాత్రలు పనిలో గట్టివాళ్ళై ఉండీ ప్రేమ దగ్గరికొచ్చేసరికి తడబడుతుంటారు. జరిగి ఏడాది, రెండేళ్ళు గడిచిన నిజం సంఘటనలనే తీసుకుని కథ అల్లారు కాబట్టి, వాళ్ళ చానల్ అందరికంటే తెలివిగా కనబడటం సులువైంది. మూడూ నిజమే. అయినా అందులో రెండు ఘట్టాలు నా వృత్తి గురించి నాకు ఏ శిక్షణ తరగతీ చెప్పనంత చెప్పాయి.

మొదటిది గాబ్రియేల్ గిఫర్డ్స్ ఘట్టం. 2011 జనవరి 8న ఆరిజోనా రాష్ట్రం టూసాన్‌లో, ఓటర్లను కలుస్తున్న ఈ ప్రజాప్రతినిధిపై ఒకడు కాల్పులు జరిపాడు. ఆరుగురు చనిపోయారు. ఆమె తలకు తూటా తగిలింది. అసలు జరిగిందేమిటంటే, ఆమె మరణించినట్టు ఒక పెద్ద రేడియో సంస్థ చెప్పింది, దాన్ని పట్టుకుని పెద్ద టీవీ చానళ్ళూ చెప్పేశాయి. ఆమె బతికే ఉన్నారు. తర్వాత కోలుకున్నారు కూడా. సీరియల్‌లో ఆ సాయంత్రాన్ని న్యూస్‌రూమ్ లోపలి నుంచి చూపిస్తారు. మిగతా చానళ్ళన్నీ చనిపోయిందంటున్నాయి. ఆలస్యమైన ప్రతి సెకనుకూ వెయ్యిమంది ప్రేక్షకులు పోతున్నారని యాజమాన్యం మనిషి పీసీఆర్‌లోకి వచ్చి ఒత్తిడి చేస్తాడు. యాంకర్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, చెవిలో ఎవరూ ఏమీ అనడం లేదు. అప్పుడొక ప్రొడ్యూసర్, మనిషి పోయిందని చెప్పాల్సింది డాక్టరు గానీ వార్తలవాళ్ళు కాదన్న అర్థం వచ్చే మాట అంటాడు. వాళ్ళు చెప్పరు. కొద్దిసేపటికి ఆమె బతికే ఉందన్న కబురొస్తుంది. ఆ ఘట్టంలో నాటకమంతా ఒక పని చేయకపోవడంలో ఉంది. ఏ ఫైటూ లేదు, పాటా లేదు. ఒక గదినిండా మనుషులు నోరు మూసుకుని నిలబడ్డారు. ఆ మౌనానికి నాకు చెమట పట్టింది. అలాంటి సాయంత్రాల్లో నేనూ నిలబడ్డాను కాబట్టి.

మన బెల్లం వండేవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. పెనంలో రసం మరుగుతుంటే, పాకం కొద్దిగా తీసి నీళ్ళలో వేసి వేలితో నొక్కి చూస్తారు. ముందే దించితే దిమ్మ కట్టదు. ఆలస్యమైతే మాడుతుంది. పక్క గానుగ వాడు దించేశాడు కదా అని ఎవరూ దించరు.

రెండో ఘట్టం రెండో సీజన్ మొత్తాన్నీ ఆక్రమించింది. అమెరికా సైనికులు ఒక రహస్య దాడిలో సారిన్ విషవాయువు వాడారన్న వార్త ఆ చానల్‌కు దొరుకుతుంది. ఆ దాడికి పెట్టిన పేరు జెనోవా. నెలలపాటు శోధిస్తారు, అనుమానిస్తారు, మళ్ళీ శోధిస్తారు. ఒక రిటైర్డ్ జనరల్‌ ఇంటర్వ్యూ తీసిన ప్రొడ్యూసర్‌కు అది నిజమేనన్న నమ్మకం ఎంత బలపడిందంటే, వాడారనుకుంటే అన్న ధోరణిలో ఆ జనరల్ అన్న మాటల్లో ముందున్న షరతును కత్తిరించి, వాడారు అన్నట్టుగా టేపు చేసేస్తాడు. వార్త ప్రసారమవుతుంది. తర్వాత బయటపడుతుంది. ఎలాగంటే, ఆ ఇంటర్వ్యూలో జనరల్ వెనక ఒక టీవీలో బాస్కెట్‌బాల్ ఆట నడుస్తుంటుంది. ఆ ఆటలో సెకన్లు లెక్కపెట్టే గడియారం మూలన కనిపిస్తుంటుంది. అంకెలు వరుసగా తగ్గుతూ తగ్గుతూ ఒక్కచోట గెంతుతాయి. ఆ గెంతు దగ్గరే కత్తిరింపు.

ఆ గడియారం గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను. మోసం చేసినవాడు డబ్బు తీసుకోలేదు. తాను పట్టుకున్నది నిజమని నమ్మాడు. ఆ నమ్మకానికి అడ్డొచ్చిన ఒక్క మాటను తీసేశాడు. ఎడిటింగ్ గదిలో కూర్చున్న ఎవరికైనా అది ఎంత చిన్న పనో తెలుసు. రెండు మీటలు నొక్కితే చాలు. ఈ కథకు వెనక నిజం కూడా ఉంది. 1998 జూన్ 7న సీఎన్ఎన్, 1970లో లావోస్‌లో జరిగిన ఆపరేషన్ టెయిల్‌విండ్‌లో అమెరికా సైన్యం సారిన్ వాడిందంటూ ఒక కథనం ప్రసారం చేసింది. నెల తిరగకుండా జూలై 2న దాన్ని వెనక్కి తీసుకుంది. కథనం చేసిన ప్రొడ్యూసర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత ఒక రచయిత ఆ మచ్చను తీసుకుని ఒక సీజన్ నాటకం రాశాడు. తప్పు జరిగిన వృత్తి తన తప్పును తెరమీద మళ్ళీ నడిచి చూసుకోవడం అంటే ఇదే.

మనకు అలాంటి మచ్చ లేదా? ఉంది. 2009 సెప్టెంబర్ 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో గల్లంతైంది. ఆ పగలు, ఆ రాత్రి తెలుగు న్యూస్‌రూములన్నీ ఒకే ప్రశ్న మీద నిలబడ్డాయి. మరునాడు పావురాల గుట్ట దగ్గర శకలాలు, మృతదేహాలు దొరికాయి. నాలుగు నెలలు గడిచాక, 2010 జనవరి 7 సాయంత్రం ఒక తెలుగు చానల్, విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన ఒక కథనాన్ని ఆధారం చేసుకుని ఆ ప్రమాదం వెనుక కుట్ర ఉందన్న వార్త నడిపింది. ఇతర చానళ్ళూ అందుకున్నాయి. ఆ రాత్రే రాష్ట్రంలో అనేక చోట్ల రిలయన్స్ దుకాణాలు, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి. పాత్రికేయుల్ని అరెస్టు చేశారు. ఆ గదుల్లో ఆ సాయంత్రం ఎవరు ఏమన్నారు? ఎవరైనా "ఆగండి" అన్నారా? అన్నవాళ్ళ మాట ఎందుకు చెల్లలేదు? పక్క చానల్ వాడు వేసేశాడు కదా అన్న మాట ఎన్ని గొంతుల్లోంచి వచ్చింది? ఇంతకంటే బలమైన నాటకం మనకు మనం ఎక్కడ వెతుక్కుంటాం? ఎవరినో బోనెక్కించడానికి అడగడం లేదు. ఆ సాయంత్రం డెస్కుల మీద ఉన్నవాళ్ళు కూడా దుఃఖంలో ఉన్న మనుషులే. తమ నాయకుడు పోయిన బాధలో ఉన్న జనం, ఆ జనంలోంచే వచ్చిన కుర్రాళ్ళు, పోటీలో పరుగెత్తే చానళ్ళు, చేతిలో ఒక వెబ్‌సైట్ కాగితం. జెనోవా కంటే ఇది పెద్ద కథ.

తెలుగులో ఈ దారిలో నిజాయితీగా అడుగేసిన ప్రయత్నం "న్యూసెన్స్". 2023 మే 12న ఆహా ఓటీటీలో వచ్చింది. శ్రీ ప్రవీణ్ కుమార్ దర్శకుడు. నవదీప్, బిందుమాధవి ప్రధాన పాత్రలు. కథ జరిగేది మదనపల్లెలో. హైదరాబాద్ స్టూడియో అద్దాల్ని వదిలేసి, ఒక చిన్న ఊరి విలేకరుల మధ్యకు కెమెరాను తీసుకెళ్ళడం దాని గొప్ప. అక్కడ వార్త రాయడానికీ డబ్బే, రాయకుండా ఉండటానికీ డబ్బే. శివ అనే విలేకరి ఆ బేరంలో ఎంత తెలివైనవాడో, ఎంత నలిగిపోయాడో నవదీప్ బాగా చూపించాడు. ఆ సీరియల్ చూసి మాస్టారు రెండు రోజులు మాట్లాడలేదట. ఆయన కోడలు చెప్పింది. మూడో రోజు "మనూళ్ళోనూ ఇలాగే" అన్నారట.

ఈ సభలో స్ట్రింగర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట ఇక్కడే చెప్పాలి. చాలా చోట్ల స్ట్రింగర్‌కు నెల జీతం ఉండదు, స్టోరీకి ఇంత అని లెక్క. పెట్రోలు తనదే, ఫోను తనదే. ప్రకటనలు తెమ్మన్న ఒత్తిడీ అతని మీదే. చేతికి లోగో ఇచ్చి, బతుకు నువ్వే చూసుకో అన్న ఏర్పాటు లోపలే ఆ బేరం మొలుస్తుంది. అది మొలవడం కింది మనిషి గుణం వల్లే కాదని 2009 ఎన్నికల్లో దేశమంతా చూసింది. డబ్బులిచ్చి వార్తలు వేయించుకున్న ఆ వ్యవహారం మీద మన పాత్రికేయ సంఘం పశ్చిమ గోదావరి జిల్లాలో పరిశీలన చేసింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి. ఆ ఇద్దరూ పేర్లతో సహా రాసిన నివేదికను 2010లో కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు. కుదించిన నివేదిక ఇచ్చింది. పూర్తిది 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గానీ జనానికి అందలేదు. డబ్బు తీసుకుని వార్తలు వేయడం మీద రాసిన నివేదికే ఆగిపోయింది. దాని మీదా ఎవరైనా ఒక భాగం తీయాలి.

"న్యూసెన్స్"కు ఇంత మర్యాద ఇస్తూనే ఒక లోటు చెబుతాను. అందులో వార్తకు ఒక కొస కనిపిస్తుంది, అది పుట్టే చోటు, అమ్ముడుపోయే చోటు. రెండో కొసకు, అంటే దాన్ని అందుకుని అనుమానించాల్సిన డెస్కుకు కథ వెళ్ళదు. మన కథల్లో విలేకరి వీరుడైనా అవుతాడు, అమ్ముడుపోయినవాడైనా అవుతాడు. సరిచూసేవాడు మాత్రం రాలేదు. ఊళ్ళో ఒకరు, గదిలో ఒకరు, ఫోనుకు ఆ చివరా ఈ చివరా కూర్చుని, ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోకుండా, ఒకే వార్త మీద ఏళ్ళ తరబడి వాదించుకునే ఇద్దరు మనుషుల కథ మనకు రావాలి.

ఎలా రాయాలో నేర్చుకోవడానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. ఇక్కడికి దగ్గరే తుమ్మపాల ఉంది. రావిశాస్త్రి గారి ఊరు. ఆయన వకీలు. కోర్టు హాల్లో జరిగేదానికంటే, కేసు కోర్టుకు రాకముందు జరిగేదాన్ని రాశారు. సాక్ష్యం ఎలా తయారవుతుందో, పోలీసు డైరీలోకి ఏది ఎక్కుతుందో, సారా అమ్ముకునే ముత్యాలమ్మకు ఈ మొత్తం యంత్రం ఎంత బాగా తెలుసో, కొత్తగా వచ్చిన కుర్ర ప్లీడరుకు ఎంత తెలియదో "మాయ" కథలో చూపించారు. తెర వెనుకను రాయడమంటే అది. ఆయనకు తీర్పు కంటే తయారీ ముఖ్యం. వార్తకు కూడా అలాంటి తయారీ ఉంది. ఆయన ఇప్పుడు ఉండి ఉంటే పీసీఆర్‌లో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చునేవారని నాకనిపిస్తుంది. మన రచయితల్లో ఎంతమందిని చానళ్ళు ఆ మూల కూర్చోనిస్తాయో వాళ్ళే చెప్పాలి.

పాత రోజుల వైపు వెళ్ళినా కథలున్నాయి. ఆస్ట్రేలియావాళ్ళు 2021లో "ది న్యూస్‌రీడర్" తీశారు. 1986 నాటి ఒక టీవీ వార్తా విభాగం కథ అది. మనకూ అలాంటి ఏడాది ఉంది. 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతి స్వరూప్ తొలిసారి తెలుగు వార్తలు చదివారు. ఎదురుగా ప్రాంప్టర్ లేదు. కాగితం, జ్ఞాపకం, గొంతు. ఏడాది తిరిగేసరికి భోపాల్‌లో విషవాయువు వెలువడింది. ఆయన తర్వాత ఆ ఘోరం మీద "రాతి మేఘం" అనే నవల రాశారు. గొంతు వణక్కుండా వార్త చదవాల్సిన మనిషి, చదివేటప్పుడు అనలేనిదంతా ఇంటికెళ్ళి నవలగా రాసుకున్నాడంటే ఆ వార్తల గదిలో ఎంత నాటకం ఉండి ఉంటుంది! 2024 ఏప్రిల్ 5న ఆయన వెళ్ళిపోయారు. ఆయన తరంవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఎవరైనా కూర్చుని రాసుకోవాలి.

భోపాల్ పేరెత్తాను కాబట్టి మన జిల్లాకు వస్తాను. 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం ఎసైన్షియా ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. ఆ అంకె ఇవాళ మనం తేలిగ్గా పలుకుతున్నాం. ఆ మధ్యాహ్నం అది 17 కాదు. గంటగంటకూ పెరుగుతూ వచ్చింది. ఇక్కడున్న విలేకరి మిత్రులు కొందరు ఆ గేటు దగ్గర, ఆస్పత్రుల దగ్గర నిలబడ్డారు. చేతిలో ఫోను మోగుతూనే ఉంటుంది. అవతల డెస్కు నుంచి నాలాంటి ఒకరు, ఎంత అయింది, వేరే చానల్ ఇంత వేస్తోంది, ఎంత వేయమంటారు అని అడుగుతూనే ఉంటారు. ఆ పక్కనే గేటు చువ్వలు పట్టుకుని ఒక అన్న, ఒక తల్లి, లోపలున్నవాడి ఫోను రింగవుతోందా లేదా అని చూస్తుంటారు. టీవీలో పెరిగే ప్రతి అంకె వాళ్ళకు తమవాడే. ఆ గేటు దగ్గర సీను, ఆ గదిలో సీను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించే సీరియల్ వచ్చిన రోజున, వార్త అంటే ఏమిటో మన జనానికి మళ్ళీ కొత్తగా తెలుస్తుంది.

ఇక మాస్టారి ప్రశ్నకు వస్తాను. ఆయన అడిగారు గానీ, జవాబు నాకంటే ముందే ఆయనకు తెలుసని ఈ మధ్యే తెలిసింది. ఆయన పోయాక కోడలు నాకొక పాత నోటుపుస్తకం ఇచ్చింది.

తొంభైల్లో సంగతి. అప్పటికి తెలుగులో వార్తా చానళ్ళు లేవు. వార్తలు కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి విశాఖపట్నం పంపేవారు. అర్జెంటైతే ఎస్టీడీ బూతు. సంక్రాంతి వెళ్ళాక, గానుగలు జోరుగా ఆడే రోజుల్లో, ఇక్కడికి కొంత దూరంలో ఒక ఊళ్ళో చెరకు పిప్పి అంటుకుని బెల్లం వండే పాక కాలిపోయింది. ముగ్గురు కూలీలు మంటల్లో చిక్కుకున్నారు. సాయంత్రానికి బస్టాండులో అందరి నోటా ముగ్గురూ పోయారన్న మాటే. మిగతా విలేకరులు ముగ్గురని ఫోన్ చేశారు. మాస్టారు సైకిల్ మీద ఆ ఊరు వెళ్ళారు. రెండు శవాలు చూశారు. మూడో మనిషిని ఎడ్లబండి మీద రోడ్డు దాకా తెచ్చి లారీ ఎక్కించి పంపేశారని అక్కడ ఒక ముసలమ్మ చెప్పింది. ఇద్దరు మృతి, ఒకరి పరిస్థితి విషమం అని ఆయన ఫోన్ చేశారు. డెస్కువాళ్ళు అందరూ ముగ్గురంటున్నారు, నువ్వొక్కడివే ఇద్దరంటావేమిటి అన్నారు. గంట టైమివ్వండి అని, ఆఖరి బస్సు పట్టుకుని విశాఖ కేజీహెచ్ ఆస్పత్రికి వెళ్ళారు. కాలినవాళ్ళ వార్డులో, పేరు కూడా సరిగా రాయని ఒక మంచం దగ్గర నిలబడి, గుండె లేస్తూ పడుతూ ఉండటం చూశారు. ఎదురుగా ఉన్న బూతు నుంచి మళ్ళీ ఫోన్ చేశారు. మర్నాడు ఒక్క పేపర్లో ఇద్దరు, మిగతా అన్నిట్లో ముగ్గురు. ఆ పేపరు తప్పు రాసిందని ఊళ్ళో కొందరు మాస్టార్ని చూసి నవ్వారు కూడా.

ఆ మనిషి తొమ్మిది రోజుల తర్వాత చనిపోయాడు.

ఎప్పుడో ఒకసారి ఈ సంగతి నాకు చెబుతూ ఆయన అన్నారు: "ఆ తొమ్మిది రోజులూ ఆడు బతికే ఉన్నాడు కదమ్మా." నేనప్పుడు విని ఊరుకున్నాను. నోటుపుస్తకం తెరిచాక గానీ ఆ మాట నాకు ఎక్కలేదు. అందులో వార్తల మధ్య, ధాన్యం ధరల మధ్య, మునిసిపల్ కుళాయిల మీద ఫిర్యాదుల మధ్య, తొమ్మిది తేదీల కింద ఒక్కో లైను ఉంది. కొన్ని రోజులు స్వయంగా వెళ్ళి చూసినట్టున్నారు, కొన్ని రోజులు ఎవరితోనో కనుక్కున్నట్టున్నారు. లైను మాత్రం మారలేదు. "వార్డులో వాకబు. ఉన్నాడు." మరునాడు, "ఉన్నాడు." ఆ తర్వాతి రోజు, సిరా మారింది, అక్షరం కొంచెం వంకర పోయింది, "ఉన్నాడు."